ఆగే దూరం

ఒకే రోడ్డు మీద రెండు కార్లు వెళ్తున్నాయనుకుందాం. ఒకటి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది, రెండోది 50 వేగంతో దాన్ని దాటేస్తోంది. రెండింటి బంపర్లూ ఒకే వరసలోకి వచ్చిన క్షణాన, 18 మీటర్ల ముందు, ఆగి ఉన్న ఆటో వెనకనుంచి బడి సంచీ తగిలించుకున్న పిల్ల రోడ్డు మీదికి వచ్చింది. డ్రైవర్లిద్దరూ బుద్ధిమంతులే. తాగలేదు, ఫోను చూడటం లేదు, బ్రేకులు కొత్తవి. ఇద్దరూ ఆ పిల్లను ఒకేసారి చూశారు.

కంటికి కనిపించింది మెదడుకెక్కి, కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేచి బ్రేకు మీద పడటానికి మామూలు మనిషికి ఒకటిన్నర సెకను దాకా పడుతుంది. అంతసేపూ బండి వేగం వీసమెత్తు తగ్గదు. 30లో ఉన్న కారు సెకనుకు 8.3 మీటర్ల లెక్కన ఈలోగా 12.5 మీటర్లు వచ్చేస్తుంది. పొడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా పడితే మరో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం పదిహేడున్నర మీటర్లు, అంటే పిల్లకు అర మీటరు ఇవతల. 50లో ఉన్న కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. ఒకటిన్నర సెకనుకు అది 20.8 మీటర్లు. అది పిల్ల దగ్గరికి చేరేసరికి డ్రైవరు కాలు ఇంకా బ్రేకు మీదికే రాలేదు. తగ్గని 50 వేగంతోనే గుద్దేస్తుంది.

ఈ లెక్క చూసిన వాళ్ళు చాలామంది ఎక్కడో తప్పుందనుకుంటారు. 20 కిలోమీటర్ల తేడాకు దెబ్బ కాస్త గట్టిగా తగలాలి గాని, ఒక కారు పూర్తిగా ఆగిపోయి, ఇంకొకటి అసలు తగ్గకపోవడమేమిటని అనుమానం. పోనీ, డ్రైవర్లిద్దరూ మహా చురుకైనవాళ్ళు, ఒక్క సెకనులోనే బ్రేకు తొక్కారనుకోండి. మొదటి కారు 13.3 మీటర్లలో ఆగుతుంది. రెండోది 13.9 మీటర్ల దగ్గర బ్రేకు తొక్కడం మొదలుపెడుతుంది. ఒకటి ఆగిపోయిన చోటు దాటాకే రెండోది తగ్గడం మొదలవుతుంది.

దెబ్బ తీవ్రత మాటకొస్తే, అది వేగంతో పాటు కాక వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. 50కీ 30కీ మధ్య వేగం రెట్టింపు కూడా కాదు, శక్తి మాత్రం 2.8 రెట్లు. 30 వేగంతో వచ్చే కారు తగలడం మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి, అంటే మొదటి స్లాబు మీద నుంచి, నేల మీద పడటం లాంటిది. 50 వేగమైతే అది పది మీటర్లు, మూడో స్లాబు మీద నుంచి పడటం. 60 అయితే పద్నాలుగు మీటర్లు దాటుతుంది. మేడ మీద పిట్టగోడ లేకపోతే పిల్లల్ని పైకి పోనివ్వం. వీధి దగ్గరకొచ్చేసరికి అదే ఎత్తును 'చూసుకుని దాటమ్మా' అన్న ఒక్క మాటకు వదిలేస్తాం.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్ళలో నడిచి వెళ్తున్నవాళ్ళు 32 వేల పైచిలుకు, సైకిళ్ళ మీద వెళ్తున్నవాళ్ళు 4,800 పైచిలుకు. రెండూ కలిపితే రోజుకు వంద మందికి పైనే. ఢిల్లీ ఐఐటీలో దశాబ్దాల పాటు ఈ విషయం మీదే పనిచేసిన దినేష్ మోహన్, గీతం తివారీ వంటివారు, పోలీసు కేసుల ఫైళ్ళు తిరగేస్తే చనిపోయినవారిలో నడిచేవాళ్ళ వాటా సర్కారు పట్టికల్లో కనిపించేదానికంటే ఎక్కువే తేలుతుందని ఎప్పటినుంచో చెబుతూ వచ్చారు.

నిలబడి ఉన్న పెద్ద మనిషిని మామూలు కారు గుద్దితే జరిగేదంతా సెకనులో పదోవంతు, ఏడోవంతు కాలంలో అయిపోతుంది. ముందు బంపరు మోకాలి దగ్గర తగిలి కాళ్ళను తనతో పాటు ఈడ్చుకుపోతుంది. మనిషి గరిమనాభి బొడ్డు దగ్గర ఉంటుంది. ఆ పైభాగం ఇంకా ఉన్నచోటే ఉండటంతో ఒళ్ళు బోనెట్ మీదికి వాలుతుంది. తుంటి, భుజం, ఆఖరుకు తల వరసగా కొట్టుకుంటాయి. తల సాధారణంగా బోనెట్ వెనక అంచుకో ముందద్దానికో తగులుతుంది. కారు కింద పడ్డాడంటాం గాని పడేది కారు మీద. ప్రాణం తీసేది ఎక్కువగా ఆ తల దెబ్బే. అందుకే ఇప్పటి కార్లలో బోనెట్ రేకుకూ దాని కింది ఇంజనుకూ మధ్య కాస్త ఖాళీ వదులుతున్నారు. రేకు సొట్టపడితే ఆ మేరకు దెబ్బ బలం తగ్గుతుంది.

ఎత్తయిన ముక్కు ఉన్న బండ్లతో కథ మారిపోతుంది. బోనెట్ అంచు బొడ్డు కంటే పైన తగిలితే మనిషి బోనెట్ మీదికి వాలడు. ముందుకు విసిరేసినట్టు కింద పడతాడు, ఆ వెనకే చక్రాలొస్తాయి. చిన్నపిల్లల విషయంలో ప్రతి కారూ ఎత్తయిన కారే. అమెరికాలో బీమా సంస్థలు నడిపే రహదారి భద్రతా సంస్థ 2023లో ఒక అధ్యయనం ప్రకటించింది. బోనెట్ ముందు అంచు మీటరు కంటే ఎత్తున్న బండ్లు తగిలినప్పుడు, ముప్పావు మీటరు లోపు ఉన్నవాటితో పోలిస్తే మనిషి చనిపోయే అవకాశం 45 శాతం ఎక్కువని తేలింది. మన దగ్గర ఆ ముక్కుకు స్టీలు గొట్టాలు కూడా బిగించేవారు. 2017 డిసెంబరులో కేంద్రం వాటిని వద్దంది. ఇప్పటికీ ఏ ఊళ్ళోనైనా కూడలిలో పది నిమిషాలు నిలబడితే ఒకటి రెండు కనిపిస్తాయి. బోనెట్ ఖాళీ ఇచ్చే ఆ కొద్ది రక్షణను కూడా ఆ గొట్టం తీసేస్తుంది.

అమెరికా ప్రమాదాల వివరాలతో 2011లో వేసిన ఒక అంచనా ఈ రంగంలో అందరూ వాడుతుంటారు. కారు గంటకు 37 కిలోమీటర్ల వేగంతో తగిలితే నడిచేవారిలో పదిమందికి ఒకరు చనిపోతారు. 51 వేగానికి నలుగురిలో ఒకరు, 68కి ఇద్దరిలో ఒకరు, 80కి నలుగురిలో ముగ్గురు. ఇవి సగటులు. ముప్పై ఏళ్ళవాడికి 56 వేగంలో ఉండే ముప్పు డెబ్భై ఏళ్ళ ముసలాయనకు 40లోనే ఉంటుంది. ఈ అంకెల పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మునిసిపాలిటీ హద్దుల్లోని రోడ్ల మీద కార్లకు గరిష్ఠ వేగం 70. రాష్ట్రాలు, పోలీసులు దాన్ని తగ్గించుకోవచ్చు, చాలాచోట్ల తగ్గించారు కూడా. అయినా దేశం మొత్తానికి గీసిన పై గీత మాత్రం ఇద్దరిలో ఒకరు చనిపోయే వేగం దగ్గర ఉంది.

సరే, చూసుకుని దాటమన్నాం. చూస్తే ఏం తెలుస్తుంది?

మనకు అడ్డంగా పోయే బండి వేగాన్ని కన్ను చక్కగా పసిగడుతుంది. మన మీదికే వచ్చే బండి అలా పక్కకు జరగదు, ఉన్నచోటే ఉండి పెద్దదవుతుంది. ఎంత త్వరగా పెద్దదవుతోందన్న దాన్ని బట్టే మెదడు దాని వేగాన్ని ఊహించాలి. చిక్కంతా ఇక్కడే. 1.8 మీటర్ల వెడల్పున్న కారు మన దగ్గరికి రావడానికి సరిగ్గా 5 సెకన్లు ఉందనుకోండి. అది 30లో వస్తుంటే 42 మీటర్ల దూరంలో ఉంటుంది, దాని బొమ్మ మన కంట్లో సెకనుకు అర డిగ్రీ చొప్పున పెరుగుతుంది. 60లో వస్తుంటే అది 83 మీటర్ల అవతల ఉంటుంది, అప్పుడు పెరుగుదల పావు డిగ్రీ. రెండూ మనల్ని చేరేది అదే 5 సెకన్లకు. కాని వేగంగా వచ్చేదే నెమ్మదిగా పెరుగుతున్నట్టు, ఇంకా చాలా దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. మోటారు సైకిలు వెడల్పు కారులో సగం కూడా ఉండదు కనక దాని పెరుగుదల ఇంకా తక్కువ. లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కాలేజీలో పరిశోధకులు ప్రాథమిక బడి పిల్లల్ని పరీక్షించి, సుమారు 32 కిలోమీటర్ల వేగం దాటి వచ్చే బండి పెరుగుదలను ఆ వయసు పిల్లల చూపు నమ్మకంగా పట్టలేదని 2011లో ప్రచురించారు. ఇది అజాగ్రత్త కాదు, చూపు ఇంకా ఎదగకపోవడం. ఎన్ని పాఠాలు చెప్పినా అది వయసుతో రావలసిందే.

డ్రైవరు కన్నూ ఇంతే. అద్దం ముందు నిలబడి మీ ఎడమ కన్నును, వెంటనే కుడి కన్నును, మార్చి మార్చి చూసుకోండి. కళ్ళు కదలడం మీకు ఎప్పటికీ కనపడదు. పక్కనున్నవాళ్ళకు కనపడుతుంది. చూపు ఒకచోటి నుంచి మరోచోటికి దూకే ఆ క్షణంలో మెదడు చూడటం మానేసి, మిగిలిన ఖాళీని తనే పూరించుకుంటుంది. కూడలి దగ్గర డ్రైవరు తల చటుక్కున అటూ ఇటూ తిప్పినప్పుడు చూపు ఆగిన రెండు మూడు చోట్లే నిజంగా చూసినవి. వాటి మధ్య సైకిలు ఉంటే అది లేనట్టే. పోలీసుల దగ్గర 'చూశాను సార్, ఎవరూ లేరు' అనే డ్రైవరు చాలాసార్లు అబద్ధం చెప్పడు.

ఇంగ్లండులో న్యూ ఫారెస్ట్ అనే ప్రాంతంలో ఇప్లీ క్రాస్ అని ఒక కూడలి ఉంది. చుట్టూ చెట్టూ గోడా లేని బీడు. ఏ దిక్కునుంచి వచ్చేవాళ్ళకైనా రెండో రోడ్డు దూరం నుంచే కనిపిస్తుంది. అలాంటి చోట కొన్నేళ్ళ తేడాలో సైకిలిస్టులు కార్ల కింద పడి చనిపోయారు. కారణం వెతికితే అది కారు ముందద్దం పక్కనుండే స్తంభంలో దొరికింది. రెండు బండ్లు నిలకడ వేగంతో ఒకే బిందువు వైపు, ఒకే సమయానికి చేరేటట్టు వస్తుంటే, ఒకదానికి రెండోది ఎప్పుడూ ఒకే కోణంలో కనిపిస్తుంది. అక్కడి రోడ్లు లంబంగా కాక కొంచెం ఏటవాలుగా కలుస్తాయి. దాంతో ఆ కోణం సరిగ్గా ఆ స్తంభం వెనక్కి వచ్చి కూర్చుంది. కారు ముందుకు పోతున్నకొద్దీ సైకిలూ ఆ స్తంభం చాటునే జరుగుతూ వచ్చింది, గుద్దుకునేదాకా. విశాఖ రేవులో ఓడ నడిపే ఎవరినైనా అడగండి: ఎదుటి ఓడ దగ్గరవుతూ, అది మనకు కనిపించే దిశ మారకపోతే ఢీ ఖాయమని సముద్రం మీద మొదట నేర్పే పాఠాల్లో ఒకటి. లైసెన్సు పరీక్షలో ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. డ్రైవింగ్ సీట్లో కూర్చున్నవాళ్ళు కూడలి దగ్గర మెడ తిప్పడంతో సరిపెట్టుకోకుండా నడుము కాస్త ముందుకూ వెనక్కూ వంచి ఆ స్తంభం చాటు చూడాలి. దానికి అర సెకను చాలు.

సైకిలు తొక్కేవాడి గురించి మోటారు నడిపేవాళ్ళ ఫిర్యాదు ఒకటుంది: తిన్నగా పోడు, వంకర్లు పోతాడు. పోవాలి మరి. రెండు చక్రాల బండి నిలబడటమే అలా. కుడికి ఒరిగితే హ్యాండిలు కుడికి తిప్పి చక్రాన్ని ఒంటి కిందికి తెచ్చుకోవాలి, ఎడమకు ఒరిగితే ఎడమకు. ఇది క్షణం క్షణం తెలియకుండానే జరిగిపోతుంటుంది. వేగం తగ్గినకొద్దీ ఆ వంకర్లు పెద్దవవుతాయి. కుడికి తిరగాలన్నా ముందు చక్రం ఒక్క రవ్వ ఎడమకు తిప్పి, ఒంటిని కుడికి ఒరగనిచ్చి, అప్పుడు తిరుగుతాం. అంటే సైకిలు నిలబడి సాగాలంటేనే దానికి ఒక మీటరు వెడల్పు బాట కావాలి.

ఇప్పుడు మన జిల్లా రోడ్డు అంచు చూడండి. మీద మీద తారు పోసుకుంటూ వచ్చారు, పక్క మట్టి అలాగే ఉండిపోయింది. రెండిటికీ మధ్య జానెడు దిగుడు. వెనకనుంచి లారీ హారను కొడుతుంది, సైకిలు అంచుకు జరుగుతుంది, ముందు చక్రం దిగుడులోకి జారుతుంది. మళ్ళీ పైకెక్కాలని కుడికి తిప్పితే చక్రం పక్క తారు గోడకు ఒరుసుకుంటుంది, తిరగదు. తిరగని చక్రంతో సైకిలు నిలబడదు. పడేది కుడివైపుకే, లారీ ఉన్నవైపుకే. 'లారీ తగిలి' అని రాస్తారు. చాలాసార్లు లారీ తగలకముందే పని అయిపోయి ఉంటుంది. ఆ అంచున అర మీటరు మట్టి పోసి తారుతో సమంగా దిమ్మిస ఆడించడం పెద్ద ఖర్చేమీ కాదు. రోడ్డు వేసిన కాంట్రాక్టరు లెక్కలో అది ఉండటమూ, మట్టి మాత్రం లేకపోవడమూ కూడా మనకు కొత్త కాదు.

బస్సులు, లారీలు ఎడమకు తిరిగే మలుపు సైకిలుకూ స్కూటీకీ కూడా మృత్యుస్థానం. పొడుగు బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 6 మీటర్లున్న బస్సు, ముందు చక్రాలు 10 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగాయనుకుంటే, వెనక చక్రాలు 8 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతాయి. రెండు మీటర్లు లోపలికి. సిగ్నలు దగ్గర బస్సుకు ఎడమ పక్కన ఆగినవాడికి అప్పుడు మూడడుగుల ఖాళీ ఉంది. బస్సు ముక్కు కుడికి జరిగి ఆ ఖాళీ ఇంకా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత రెండు సెకన్లలో పక్క రేకు దగ్గరికి వచ్చేస్తుంది. డ్రైవరుకు అద్దంలో ఆ మూల కనపడదు. లారీల పక్కన రెండు చక్రాల మధ్య అడ్డంగా బిగించే ఇనుప కమ్మీలు ఉన్నది ఇందుకే, పడ్డవాడు వెనక చక్రం కిందికి పోకుండా. లండన్ నగరం ఇంకో అడుగు వేసి, డ్రైవరు తన సీటు నుంచి నేరుగా ఎంత చూడగలడో కొలిచి, చాలినంత చూపు లేని భారీ లారీలను అదనపు పరికరాలు బిగించనిదే 2021 నుంచి ఊళ్ళోకి రానివ్వడం లేదు. ఎడమకు తిరిగే బస్సు పక్కన ఖాళీ కనిపిస్తే అందులోకి దూరకండి. ఈ అధ్యాయంలో నడిచేవారికీ తొక్కేవారికీ నేను చెప్పే సలహాలు తక్కువ, అందులో ఇది మొదటిది.

రెండోది చీకటి గురించి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మన రోడ్ల మీద తెల్లవారుజామున నల్లబట్టల్లో స్వాములు కనిపిస్తారు. చన్నీళ్ళ స్నానం చేసి, చెప్పులు కూడా లేకుండా, మంచులో రోడ్డు పక్కన నడిచి గుడికి వెళ్తుంటారు. తిరుమలకు కాలినడకన పోయే గుంపులు ఎండ తప్పించుకోవడానికి రాత్రుళ్ళు నడుస్తాయి. భవానీ మాలలో ఉన్నవాళ్ళ ఎరుపు మేలనుకుంటాం గాని, మసక వెలుతురులో మన కంటికి ముందుగా నల్లబడేది ఎరుపే. డిమ్ లైట్లలో ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి 30 మీటర్ల దగ్గరికి వస్తేగాని కంట పడడు. 60లో వచ్చే కారు ఆగడానికి 45 మీటర్లు కావాలి. వేసుకోవలసిన బట్టను మార్చమనడం లేదు. వెలుతురును వచ్చిన దారినే తిప్పి పంపే మెరుపు పట్టీ ఒకటి ఉంటే వంద మీటర్ల పైనుంచే కనిపిస్తుంది. ఎక్కడ కట్టుకోవాలన్నది కూడా ముఖ్యం. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యొహాన్సన్ 1973లో ఒక వింత చూపించాడు: చిమ్మచీకట్లో మనిషి కీళ్ళ దగ్గర చిన్న చిన్న వెలుగు చుక్కలు పెట్టి నడిపిస్తే, చూసేవాళ్ళు క్షణంలో మనిషని గుర్తుపట్టారు. అదే ఆ మనిషి కదలకుండా ఉంటే అవి ఉత్త చుక్కలు. కనక పట్టీ ఛాతీ మీద కంటే చీలమండలకూ మణికట్లకూ ఉంటే డ్రైవరు దూరం నుంచే 'ఏదో మెరిసింది' అనుకోడు, 'మనిషి' అనుకుంటాడు.

ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద వచ్చే బండ్లకు ఎదురుగా, అంటే మన దేశంలో కుడిపక్కన, నడవాలి. అందరూ ఎడమే నడుస్తారు, బండి ఎడమ పోతుంది గనక మనమూ ఎడమే అని. ఫిన్లండులో ప్రమాదాల వివరాలు పరిశీలిస్తే ఎదురుగా నడిచేవాళ్ళకు ముప్పు సగటున 77 శాతం తక్కువని తేలింది.

సలహాలు ఇంతటితో సరి. వీటన్నిటినీ పాటించినా మొదటి పేజీలోని పిల్ల బతకదు. అక్కడ మారవలసింది 50 అన్న అంకె.

ఈ సంగతి జనానికి ఎప్పుడో తెలుసు. 1923లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో 42 వేల మంది ఒక అర్జీ మీద సంతకాలు చేశారు. ఊళ్ళో తిరిగే ప్రతి కారుకూ గంటకు 25 మైళ్ళు, అంటే 40 కిలోమీటర్లు, దాటగానే ఇంజను తగ్గిపోయే యంత్రం బిగించాలని. కార్ల వ్యాపారులు కట్టగట్టుకుని ఎదురు ప్రచారం చేశారు. నవంబరులో ఓటింగు పెడితే అర్జీ చిత్తుగా ఓడిపోయింది. ఆ దశాబ్దంలోనే వీధి ఎవరిదన్న తగవు తేలిపోయింది. అంతకు ముందు వీధిలో నడవడం మామూలు, మోటారు వచ్చిపోయే చుట్టం. ఆ తర్వాత నడిచేవాడు చుట్టమయ్యాడు. నూరేళ్ళు గడిచాక, 2024 జులై నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే ప్రతి కొత్త కారులోనూ ఆ రోడ్డు వేగ పరిమితిని గుర్తించి డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి అయింది. మన దగ్గర 25 కిలోమీటర్లు దాటకుండా బిగించిన బండి ఒకటుంది. లైసెన్సు అక్కర్లేని చిన్న ఎలక్ట్రిక్ స్కూటరు. ఊళ్ళో తిరిగే మోటారు బండ్లలో తక్కువ హాని చేయగలిగేది అలాంటిదే.

నెదర్లాండ్స్ అంటే సైకిళ్ళ దేశమని మనకో బొమ్మ ఉంది. అది ఎప్పుడూ అలాగే ఉందనుకోవడం పొరపాటు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3 వేల మందికి పైగా చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హాఫ్ అనే జర్నలిస్టు, పిల్లల హత్యలు ఆపండి అన్న శీర్షికతో పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఆ శీర్షికే ఒక ఉద్యమానికి పేరైంది. తల్లులు వీధులకు అడ్డంగా బల్లలు వేసి కూర్చున్నారు. 1973లో చమురు కరువు వచ్చి ఆదివారాలు కార్లు బంద్ పెడితే, ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో జనం కళ్ళారా చూశారు. డెల్ఫ్ట్ నగరంలో ఇళ్ళ మధ్య వీధులకు చెట్లూ బెంచీలూ వంపులూ పెట్టి, కారు మనిషి నడకతో సమానంగా పోతేగాని దారి దొరకనట్టు చేశారు. 1976లో అలాంటి వీధులకు చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ దేశంలో రోడ్ల మీద చనిపోయేవాళ్ళు ఏడాదికి ఏడు వందల చుట్టుపక్కల. అక్కడి మనుషులు మనకంటే జాగ్రత్తపరులేం కారు. సైకిలు మీద హెల్మెట్ కూడా పెట్టుకోరు.

ఫిన్లండు రాజధాని హెల్సింకీలో 2024 జులై నుంచి ఏడాది పాటు రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదు. ఆరున్నర లక్షల పైచిలుకు జనం ఉన్న ఊరు. సగానికి పైగా వీధుల్లో వేగం 30.

మన నగరాల్లో ఈ సమస్యకు దొరికిన జవాబు చాలాసార్లు ఫుట్ ఓవర్ బ్రిడ్జి. రోడ్డు మీద ఐదున్నర మీటర్ల ఖాళీ వదిలి పైన వంతెన వేయాలంటే మనిషి దాదాపు ఆరు మీటర్లు ఎక్కాలి. 15 సెంటీమీటర్ల మెట్టు చొప్పున ఎక్కడానికి నలభై, దిగడానికి నలభై. లిఫ్టు ఉంటుంది, దానికి తాళమూ ఉంటుంది. మోకాళ్ళ నొప్పుల పెద్దమ్మ, చంకలో పిల్లాడూ చేతిలో సంచీ ఉన్న తల్లి, సైకిలు మీద పాలవాడు కిందినుంచే దాటుతారు. 'వంతెన కట్టినా వాడరు' అని తిడతాం. హైదరాబాదు ఉప్పల్ కూడలిలో 2023లో తెరిచిన 660 మీటర్ల ఆకాశ నడకదారి లాంటివి వేరు. జనం ఎలాగూ పైనున్న మెట్రో స్టేషనుకు ఎక్కాలి, అది వాళ్ళ దారిలోనే ఉంది. మిగతాచోట్ల వంతెన కట్టేది నడిచేవాడి కోసమని నాకు నమ్మకం లేదు. కారు ఆగకుండా ఉండటానికి మనిషిని మేడెక్కిస్తున్నాం.

నేల మీద దాటే చోట సిగ్నలు లెక్క కూడా చూడండి. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజనీర్లు లెక్క వేస్తారు. ఆరు లేన్ల రోడ్డు డివైడరుతో కలిపి 22 మీటర్లు, అంటే 18 సెకన్లు. పెద్దవయసు వాళ్ళు చాలామంది సెకనుకు 0.8 మీటర్లకు మించి నడవలేరు. లైటు మారేసరికి వాళ్ళు ఇంకా ఏడున్నర మీటర్ల ఇవతల, రెండు లేన్ల బండ్ల ముందు ఉంటారు. డివైడరు దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకునేంత వెడల్పు వదిలితే ఆ దాటుడు రెండు ముక్కలవుతుంది, ఒక్కోసారి ఒక్క వైపే చూస్తే చాలు. మనం అక్కడ పూలమొక్కలు పెట్టి ఇనుప కంచె వేస్తాం.

ఫుట్‌పాత్‌కు కనీసం 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు ఉండాలనీ, ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది. ఉన్న ఫుట్‌పాత్ చాలాచోట్ల కాలువ మీది పలకలే. ఒకటి లేచి ఉంటుంది, ఒకటి లేకే ఉంటుంది, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్. టిఫిన్ బండి వాళ్ళను తరిమితే సరిపోతుందనుకునే అధికారులు ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోరు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు అడ్డులేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పి, రాష్ట్రాలను మార్గదర్శకాలు చేయమంది.

ఇక మన పల్లెల్లో ఎవరి మార్గదర్శకాలకూ ఆగని ఇంజనీరింగు ఒకటుంది. హైవే పక్క ఊళ్ళో మనిషి పోతాడు. శవంతో రోడ్డు మీద కూర్చుంటారు, రెండు వైపులా కిలోమీటరు బండ్లు నిలిచిపోతాయి, ఎస్సై వచ్చి మాట ఇస్తాడు. మర్నాటికి అక్కడ స్పీడ్ బ్రేకరు లేస్తుంది: అడుగున్నర వెడల్పు, అరడుగు ఎత్తు, రంగు లేదు, బోర్డు లేదు. ఆ ఊరి వాళ్ళకు న్యాయం దొరికిన పద్ధతి అదొక్కటే, దాన్ని ఎగతాళి చేయలేను. కాని ఆ గట్టు మీద రాత్రిపూట మోటారు సైకిలు ఎగిరి వెనక కూర్చున్న భార్య పడిపోయి చనిపోయిన వార్తలు కూడా మన జిల్లా పేజీల్లోనే వస్తుంటాయి.

ఇంజనీర్ల పుస్తకంలో రాసిన గట్టు కొలత వేరు. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, 17 మీటర్ల వ్యాసార్ధమున్న వృత్తంలోంచి కోసిన ముక్క. దాని మీద 25లో పోతే ఒళ్ళు కాస్త లేచి దిగుతుంది, 50లో పోతే తల పైకప్పుకు తగులుతుంది. సైకిలు దాన్ని నడుం కదలకుండా దాటిపోతుంది. ఆ గట్టునే పైన బల్లపరుపుగా చేసి, రెండు వైపులా ఫుట్‌పాత్ ఎత్తుకు కలిపి, బడి గేటు ముందు జీబ్రా గీతలు వేస్తే, పిల్లలు రోడ్డు దిగి నడవరు, బండ్లే ఎక్కి దిగుతాయి. దానికి పోలీసు కాపలా అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కావలసింది ఒక లోడు తారు, వంపు సరిచూసే చెక్క మూస, వానాకాలానికి ముందు ఒకసారి తెల్లరంగు. రంగు పోయిన గట్టు దెబ్బ మీద దెబ్బ తెస్తుంది కనక, పంచాయతీ పనుల పుస్తకంలో గట్టు ఖర్చు పక్కనే ఆ రంగు ఖర్చు కూడా ఏటేటా రాసి ఉంచాలి.